వాటా ఎంతో రాస్తున్నారు, షరతులేమిటో కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారాలు.

మీ పత్రిక వాణిజ్యం పుటలో అంకుర సంస్థలకు వచ్చే పెట్టుబడుల వార్తలను క్రమం తప్పకుండా చదివేవారిలో నేనొకడిని. ఆ వార్తలన్నీ ఇంచుమించు ఒకే మూసలో ఉంటాయి. ఫలానా సంస్థకు ఇన్ని కోట్లు వచ్చాయని, దాంతో సంస్థ విలువ ఇన్ని వేల కోట్లకు చేరిందని, ఈ సొమ్ముతో విదేశాలకు విస్తరిస్తామని వ్యవస్థాపకులు చెప్పారని రాసి, పక్కన ఒక ఫొటో వేస్తారు. సొమ్ము పెట్టినవారి పేర్లు చివరి వాక్యంలో వరుసగా వస్తాయి. ఆ వరుసలో పింఛను నిధుల సొమ్ముతో నడిచే వెంచర్ ఫండూ ఉంటుంది, గూగుల్, మైక్రోసాఫ్ట్, అమెజాన్, ఇంటెల్, క్వాల్‌కామ్, సేల్స్‌ఫోర్స్ వంటి కంపెనీల పెట్టుబడి విభాగమూ ఉంటుంది. రెండింటి మధ్యా ఒక కామా తప్ప మరే తేడా కనిపించదు. రెండో రకం సొమ్ము వచ్చినప్పుడు పాఠకుడికి అందవలసిన సమాచారం వేరని విన్నవించడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. కంపెనీ సెక్రటరీగా చాలా ఏళ్లు వాటాదారుల ఒప్పందాలు చదివి బతికినవాడిని కనుక నిడివి కాస్త పెరిగితే మన్నించగలరు.

సాధారణ వెంచర్ ఫండ్ లెక్క సూటిగా ఉంటుంది. పింఛను నిధులు, బీమా కంపెనీలు, సంపన్న కుటుంబాలు ఇచ్చిన సొమ్మును ఫండ్ మేనేజరు సుమారు పదేళ్ల గడువుతో తీసుకుంటాడు, ఆ గడువులోగా లాభంతో సహా తిరిగి ఇవ్వాలి. తాను కొన్న వాటా ఏదో ఒకనాడు ఎక్కువ ధరకు అమ్ముడుపోవాలన్నదే అతడి కోరిక. అది ఎవరు కొన్నా అతడికి అభ్యంతరం లేదు. పెద్ద టెక్నాలజీ కంపెనీ సొంత ఖజానా నుంచి తీసి పెట్టే సొమ్ముకు అలాంటి గడువు సాధారణంగా ఉండదు, తిరిగి ఎప్పుడిస్తావని అడిగే బయటి మదుపరులూ ఉండరు. లాభం దానికీ కావాలి. అయితే ఆ లాభంతో పాటు, చాలా సందర్భాల్లో దానికంటే ముందుగా, తన చిప్పులు అమ్ముడుపోవాలని, తన క్లౌడ్‌కు, అంటే ఇంటర్నెట్ ద్వారా అద్దెకిచ్చే కంప్యూటర్ సేవలకు, గిరాకీ పెరగాలని, తన ఆపరేటింగ్ సిస్టమ్ మీద కొత్త సరుకు తయారుకావాలని, రేపు తనకు పోటీ కాగల పరిజ్ఞానం ఎక్కడ పుడుతోందో ఈరోజే తెలియాలని కోరుకుంటుంది. అందువల్ల చిన్న సంస్థ ఎవరికి అమ్ముడుపోతుంది, ఎవరి సరుకు వాడుతుంది, ఎవరితో చేయి కలుపుతుంది అన్న ప్రశ్నలన్నీ దానికి ముఖ్యమవుతాయి.

ఇది నిందగా అంటున్న మాట కాదు. ఈ పద్ధతిని అందరికంటే నిలకడగా నడిపిన ఇంటెల్ చరిత్ర చూస్తే తప్పుపట్టడానికి పెద్దగా ఏమీ దొరకదు. 1991లో మొదలై, నేడు ఇంటెల్ క్యాపిటల్ అని పిలుస్తున్న ఆ విభాగం 1,800కు పైగా సంస్థల్లో మొత్తం 2,000 కోట్ల డాలర్లకు మించి పెట్టింది. చిప్పు ఒక్కటే ఎవరికీ అక్కరకు రాదు; దాని మీద నడిచే సాఫ్ట్‌వేర్ ఉండాలి, దాని వేగం అవసరమయ్యే పనులు ఉండాలి. అందుకే 2002లో వైఫై రంగంలోని సంస్థల కోసం 15 కోట్ల డాలర్లు కేటాయించి, మరుసటి ఏడాది మార్చిలో సెంట్రినో ల్యాప్‌టాప్ చిప్పులను విడుదల చేసింది. అప్పటికి హోటళ్లలో, విమానాశ్రయాల్లో వైర్‌లెస్ ఇంటర్నెట్ అరుదు. అది విస్తరిస్తే తప్ప సెంట్రినోకు గిరాకీ ఉండదని ఇంటెల్ ముందే లెక్క వేసుకుంది. ఆ సొమ్ము తీసుకున్న సంస్థలకూ మేలు జరిగింది, ఇంటెల్‌కూ జరిగింది, వినియోగదారుడికీ జరిగింది. అంతకు ముందు 1999లో, ఐటానియం పేరుతో రాబోతున్న 64-బిట్ చిప్పుకు తగిన సాఫ్ట్‌వేర్ తయారుచేసే సంస్థల కోసం 25 కోట్ల డాలర్లతో ఒక నిధిని పెట్టింది కూడా ఇదే కంపెనీ. ఆ చిప్పును మార్కెట్టు పెద్దగా ఆదరించలేదు, 2021లో దాని సరఫరా ఆగిపోయింది. పెట్టుబడిదారు వ్యూహం మీద ఆధారపడి సరుకు తయారుచేసే సంస్థ ఆ వ్యూహం తప్పితే తానూ నష్టపోతుంది. ఈ ముప్పు వెంచర్ ఫండ్ సొమ్ముతో రాదు.

చిక్కు ఎక్కడ మొదలవుతుందంటే, పెట్టుబడి పెట్టిన కంపెనీయే అదే రంగంలో అడుగుపెట్టినప్పుడు. 2013లో గూగుల్ వెంచర్స్ ఉబర్‌లో 25.8 కోట్ల డాలర్లు పెట్టింది. గూగుల్ ఉన్నతాధికారి డేవిడ్ డ్రమండ్ ఉబర్ బోర్డులో కూర్చున్నారు. డ్రైవరు లేని కార్ల మీద గూగుల్ అప్పటికే పనిచేస్తోంది, తర్వాత ఉబర్ కూడా ఆ పని మొదలుపెట్టింది. 2016 ఆగస్టులో డ్రమండ్ బోర్డు నుంచి తప్పుకున్నారు. 2017 ఫిబ్రవరిలో గూగుల్ మాతృసంస్థకు చెందిన డ్రైవరు లేని కార్ల కంపెనీ వేమో, తన సాంకేతిక రహస్యాలు తస్కరించారంటూ ఉబర్‌పై దావా వేసింది. ఏడాది తర్వాత రాజీ కుదిరి, సుమారు 24.5 కోట్ల డాలర్ల విలువైన 0.34 శాతం వాటాను ఉబర్ ఇచ్చుకుంది. వాటాదారే వాది, తాను వాటా పెట్టిన సంస్థే ప్రతివాది! ఇంతకీ ఉబర్ చిన్న సంస్థేమీ కాదు, లాయర్లను పెట్టుకుని నిలబడగలిగింది.

నిలబడలేనివారి సంగతి వేరు. అమెజాన్ 2015లో 10 కోట్ల డాలర్లతో అలెక్సా ఫండ్ ప్రారంభించింది. మాటతో పనిచేసే పరికరాలను ప్రోత్సహించడం దాని ఉద్దేశం. ఇంట్లో గది నుంచి గదికి వీడియోలో మాట్లాడుకునే పరికరాన్ని తయారుచేసిన న్యూక్లియస్ అనే సంస్థ 2016లో సమీకరించిన 56 లక్షల డాలర్ల పెట్టుబడికి ఆ ఫండే నాయకత్వం వహించింది. 2017 మేలో అమెజాన్ ఎకో షో ప్రకటించింది. తెర, కెమెరా, అలెక్సా, ఇంటివారితో వీడియో కాల్ అన్నీ అందులో ఉన్నాయి. న్యూక్లియస్ వ్యవస్థాపకులు బహిరంగంగానే మండిపడ్డారు. సంస్థలు తమతో పంచుకునే రహస్య సమాచారాన్ని సొంత సరుకుల తయారీకి వాడుకోబోమని అమెజాన్ వాదన. ఎవరి మాట నిజమన్నది పక్కన పెట్టినా ఒక విషయం మిగిలే ఉంటుంది: పోటీదారు కాగలవాడికి తన లెక్కలు, తన నమూనాలు చూపించవలసిన పరిస్థితిని ఆ చిన్న సంస్థ సొమ్ముతో పాటే ఒప్పుకుంది.

ఆ ఒప్పుకోలు ఎక్కడ ఉంటుందో చెప్పాలి, ఎందుకంటే పత్రికలు తడమనిది దాన్నే. పెట్టుబడి ఒప్పందంలో వాటా శాతం, ధర రాసే పేజీ ఒక్కటే. మిగిలిన పేజీలన్నీ హక్కులు. వాటిలో అన్నిటికంటే బరువైనది, సంస్థను ఎవరైనా కొనడానికి వస్తే అదే ధరకు ముందుగా తానే కొనే అవకాశం ఈ పెట్టుబడిదారుకు ఇవ్వాలన్న షరతు. న్యాయవాదులు దీన్ని రైట్ ఆఫ్ ఫస్ట్ రిఫ్యూజల్ అంటారు. ఈ హక్కును వాడవలసిన అవసరం కూడా రాదు. కొనదలచిన మరో కంపెనీ నెలల తరబడి ఖాతాలు తనిఖీ చేసి, లాయర్లకు ఫీజులిచ్చి, ధర తేల్చిన తర్వాత ఆ ధరకు వేరొకరు ఎగరేసుకుపోతారని తెలిస్తే అసలు బేరానికే రాదు. నా వృత్తిలో ఇది కళ్లారా చూశాను. హైదరాబాద్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో పది శాతం కూడా లేని విదేశీ వాటాదారుకు ఈ హక్కు ఉండేది. సంస్థను అమ్ముదామని వ్యవస్థాపకులు అనుకున్నప్పుడు ఆసక్తి చూపిన కొనుగోలుదారు ఆ ఒక్క షరతు చదివి వెనక్కి తగ్గాడు. చివరికి ఆ వాటాదారు కూడా కొనలేదు.

దీని తమ్ముడిలాంటిది, కొనే హక్కు లేకుండా కబురు మాత్రం ముందుగా అందాలనే షరతు. ఎవరైనా కొనడానికి ముందుకు వస్తే ఇన్ని రోజుల ముందు తెలియజేయాలి అంటుంది. చూడటానికి మర్యాదగా ఉంటుంది కాని, తన ప్రత్యర్థి ఏ సంస్థ మీద కన్నేశాడో పెద్ద కంపెనీకి ఉచితంగా తెలిసిపోతుంది. ఇక నెలవారీ లెక్కలు, వచ్చే ఏడాది బడ్జెట్టు, కొత్త ఖాతాదారుల వివరాలు అడిగే సమాచార హక్కులు ఉంటాయి. వెంచర్ ఫండ్ కూడా ఇవన్నీ అడుగుతుంది, కాకపోతే అది సరుకు తయారుచేయదు. ఫలానా కంపెనీలకు వాటా అమ్మరాదంటూ పేర్ల జాబితా జతచేసే ఒప్పందాలూ ఉంటాయి.

బోర్డులో పరిశీలకుడి సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. డైరెక్టరును నియమించడం కంటే పరిశీలకుణ్ని పంపడానికే పెద్ద కంపెనీలు మొగ్గు చూపుతాయి. ఓటు లేదు కదా అని వ్యవస్థాపకులు తేలిగ్గా సరే అంటారు. మన కంపెనీల చట్టం 2013లోని 166వ సెక్షను ప్రకారం డైరెక్టరు సంస్థ మేలు కోసం సద్బుద్ధితో నడుచుకోవాలి, తన ప్రయోజనం సంస్థ ప్రయోజనంతో ఘర్షణ పడే స్థితిలోకి వెళ్లకూడదు. పరిశీలకుడు డైరెక్టరు కాడు కనుక ఈ బాధ్యత అతడికి లేదు. గోప్యత గురించి ఒప్పందంలో ఏమి రాసుకున్నారో అంతే. అంటే డైరెక్టరు వినే మాటలన్నీ అతడూ వింటాడు, డైరెక్టరును కట్టడి చేసే చట్టం మాత్రం అతడి జోలికి రాదు.

కాగితం మీద లేని చిక్కులు కూడా ఉన్నాయి. ఒక పెద్ద క్లౌడ్ కంపెనీ వాటాదారుగా ఉన్న సంస్థ సరుకు కొనడానికి దాని ప్రత్యర్థి సంకోచిస్తుంది. తర్వాతి విడతలో ఆ పెద్ద వాటాదారు సొమ్ము పెట్టకపోతే, లోపలి సంగతులు తెలిసినవాడే వెనకాడుతున్నాడంటే ఏదో లోపం ఉందని మిగతావారు అనుమానిస్తారు. పైగా ఈ విభాగాల ఆయుష్షు మాతృసంస్థ మనసు మీద ఆధారపడి ఉంటుంది. మూడు దశాబ్దాలు దాటిన ఇంటెల్ క్యాపిటల్‌నే 2025 జనవరిలో విడదీసి స్వతంత్ర ఫండ్‌గా నిలబెడతామని కంపెనీ ప్రకటించింది, కొత్త సీఈవో వచ్చాక ఏప్రిల్‌లో ఆ ఆలోచన మానుకుంది. అంతటి విభాగమే మూడు నెలల్లో రెండు నిర్ణయాలు చూసింది.

వాటా చిన్నదైనా వ్యాపారాన్ని తన వైపు తిప్పుకోగలదన్న సంగతి న్యాయస్థానాలకు కొత్త కాదు. రసాయనాల కంపెనీ డూపాంట్ 1917-19 మధ్య జనరల్ మోటార్స్‌లో సుమారు 23 శాతం వాటా కొన్నది. ఆ కార్ల కంపెనీకి రంగులు, సీట్ల బట్ట అమ్మేదీ డూపాంటే. అమెరికా ప్రభుత్వం 1949లో దావా వేస్తే, 1957లో అక్కడి సుప్రీంకోర్టు ఆ వాటా పోటీ చట్టానికి విరుద్ధమని తేల్చింది. డూపాంట్‌కు ఆ సరఫరా సరుకు నాణ్యత వల్ల మాత్రమే దక్కలేదని, వాటా వల్ల కూడా దక్కిందని న్యాయస్థానం భావించింది.

ఆనాటి రంగుల స్థానంలో ఈనాడు క్లౌడ్ ఉంది. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐలో మైక్రోసాఫ్ట్ 2019లో వంద కోట్ల డాలర్లు పెట్టినప్పుడే, ఓపెన్‌ఏఐ పనంతా మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్ మీద నడవాలన్న ఏర్పాటు అందులో భాగం. ఆ తర్వాత పెట్టుబడి అనేక రెట్లు పెరిగింది. 2025 అక్టోబరులో ఓపెన్‌ఏఐ నిర్మాణం మారినప్పుడు మైక్రోసాఫ్ట్‌కు సుమారు 27 శాతం వాటా తేలింది. కంప్యూటింగ్ సరఫరాలో అప్పటిదాకా తనకున్న తొలి హక్కును మైక్రోసాఫ్ట్ వదులుకుంది, ఓపెన్‌ఏఐ మాత్రం మరో 25,000 కోట్ల డాలర్ల అజూర్ సేవలు కొంటానని మాట ఇచ్చింది. సంస్థ అమ్మకం విషయంలో నేను పైన చెప్పిన తొలి హక్కు వంటి షరతు బరువు ఎంతో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. మరో కృత్రిమ మేధ సంస్థ ఆంత్రోపిక్‌లో అమెజాన్ 2023, 2024 సంవత్సరాల్లో రెండు దఫాలుగా మొత్తం 800 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది; అమెజాన్ క్లౌడ్‌ను, అమెజాన్ తయారుచేసిన చిప్పులను ఆంత్రోపిక్ వాడటం ఆ బంధంలో భాగం. గూగుల్ కూడా అదే సంస్థలో వాటాదారు.

ఇలాంటి పొత్తుల మీద అమెరికాలో పోటీ చట్టాలను అమలుచేసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిబ్బంది 2025 జనవరిలో ఒక నివేదిక ఇచ్చారు. పెట్టిన సొమ్ములో పెద్ద భాగాన్ని తిరిగి పెట్టుబడిదారు క్లౌడ్ మీదే ఖర్చుచేయాలన్న షరతులు, సంప్రదింపుల హక్కులు, సున్నితమైన సాంకేతిక, వ్యాపార సమాచారం అందే ఏర్పాట్లు ఈ ఒప్పందాల్లో ఉన్నాయని, క్లౌడ్ మార్చుకోవడం దీంతో ఖరీదైన పని కావచ్చని అందులో రాశారు. బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ మాత్రం 2024లో ఆంత్రోపిక్‌తో అమెజాన్, గూగుల్ చేసుకున్న ఒప్పందాలను విడివిడిగా పరిశీలించి, అవి విలీనాల దర్యాప్తు పరిధిలోకి రావని తేల్చింది. కంపెనీని కొనేస్తే తనిఖీ ఉంటుంది. కొనకుండానే దాని దారి మళ్లించగలిగితే తనిఖీ చేయవలసినవారి చేతులు చాలా దేశాల్లో ఇలాగే కట్టేసి ఉన్నాయి.

ఒకే సొమ్ము పెట్టుబడిగా వెళ్లి అమ్మకంగా తిరిగి వస్తే లెక్కలు ఎంత నిండుగా కనిపిస్తాయో మీ పత్రిక మార్కెట్ విశ్లేషకులకు నేను చెప్పనక్కరలేదు. వాటాల విలువ మారినప్పుడు ఏమవుతుందో మాత్రం ఒక్క ఉదాహరణ చెబుతాను. విద్యుత్ వాహనాల సంస్థ రివియన్‌లో అమెజాన్‌కు పెద్ద వాటా ఉంది, లక్ష వ్యాన్లకు ఆర్డరు ఇచ్చిందీ అమెజానే. రివియన్ షేరు మార్కెట్లోకి వచ్చిన 2021 చివరి త్రైమాసికంలో అమెజాన్ ఖాతాల్లో ఆ ఒక్క పద్దు కింద 1,180 కోట్ల డాలర్ల లాభం చేరింది. 2022లో అదే పద్దు కింద 1,270 కోట్ల డాలర్ల నష్టం రాయవలసి వచ్చి, ఆ ఏడాది కంపెనీ మొత్తమ్మీద 270 కోట్ల డాలర్ల నష్టం చూపింది. 2025 మూడో త్రైమాసికంలో ఆంత్రోపిక్ వల్ల అమెజాన్‌కు పన్నుకు ముందు 950 కోట్ల డాలర్ల లాభం వచ్చింది. ఇందులో దేనికీ ఒక్క పార్సెల్‌తో కూడా సంబంధం లేదు.

మన దేశానికి వస్తే, అంకుర సంస్థ కాకపోయినా జియో ప్లాట్‌ఫామ్స్ ఉదాహరణ చెప్పక తప్పదు, ఎందుకంటే అంకెలన్నీ బహిరంగంగా ఉన్నది అక్కడే. 2020 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ 43,574 కోట్ల రూపాయలకు 9.99 శాతం, జులైలో గూగుల్ 33,737 కోట్లకు 7.73 శాతం తీసుకున్నాయి. అదే జులైలో ఇంటెల్ క్యాపిటల్ 1,894.50 కోట్లకు 0.39 శాతం, క్వాల్‌కామ్ వెంచర్స్ 730 కోట్లకు 0.15 శాతం తీసుకున్నాయి. ఎవరైనా కాగితం మీద భాగించి చూసుకోవచ్చు: ఫేస్‌బుక్, గూగుల్ కట్టిన ధర ప్రకారం జియో విలువ సుమారు 4.36 లక్షల కోట్లు. ఇంటెల్, క్వాల్‌కామ్ కట్టిన ధర ప్రకారం దాదాపు 4.9 లక్షల కోట్లు. అందరికంటే ఆలస్యంగా వచ్చిన గూగుల్‌కు తక్కువ ధర ఎందుకు దక్కింది? డబ్బుతో పాటు మరేదో తెచ్చినవారికే ఆ ధర దక్కిందని నా అభిప్రాయం. 2021 దీపావళికి గూగుల్‌తో కలిసి రూపొందించిన జియోఫోన్ నెక్స్ట్ 6,499 రూపాయలకు వచ్చింది. 2022 ఆగస్టులో ఫేస్‌బుక్ యాజమాన్యంలోని వాట్సాప్‌లోనే జియోమార్ట్ సరుకులు కొనే ఏర్పాటు వచ్చింది. అప్పట్లో పత్రికలన్నీ, మీది సహా, వాటా శాతాలను పెద్ద అక్షరాల్లో వేశాయి. ధరల్లోని ఈ తేడా నాకు ఏ తెలుగు పత్రికలోనూ కనబడలేదు.

అమెజాన్-ఫ్యూచర్ వివాదం ఇంకో కోణం చూపుతుంది. 2019లో అమెజాన్ దాదాపు 1,431 కోట్ల రూపాయలతో ఫ్యూచర్ కూపన్స్ అనే సంస్థలో 49 శాతం తీసుకుంది. అప్పట్లో బిగ్ బజార్ నడిపిన ఫ్యూచర్ రిటైల్‌లో ఆ సంస్థకు ఉన్నది పది శాతం లోపు వాటా. 2020 ఆగస్టులో ఫ్యూచర్ తన దుకాణాల వ్యాపారాన్ని 24,713 కోట్లకు రిలయన్స్‌కు అమ్మబోతే, తమ ఒప్పందంలోని షరతులను చూపి అమెజాన్ సింగపూర్ మధ్యవర్తిత్వానికి వెళ్లింది. 2021 డిసెంబరులో మన కాంపిటీషన్ కమిషన్, పెట్టుబడి అసలు ఉద్దేశాన్ని అమెజాన్ దాచిందంటూ తాను గతంలో ఇచ్చిన అనుమతిని పక్కన పెట్టి 202 కోట్ల జరిమానా విధించింది. మరుసటి ఏడాది జూన్‌లో అప్పిలేట్ ట్రిబ్యునల్ దాన్ని సమర్థించింది. అప్పటికే రిలయన్స్ ఒప్పందం చెడిపోయింది, ఫ్యూచర్ రిటైల్ దివాలా బాట పట్టింది. ఎవరి తప్పు ఎంతన్న చర్చ ఇక్కడ అనవసరం. అంచెలంచెలుగా చూస్తే అయిదు శాతం కూడా లేని ప్రయోజనం, కొన్ని షరతుల బలంతో, వేల కోట్ల అమ్మకాన్ని నిలువరించడానికి సరిపోయింది.

చట్టం దీన్ని కొంతవరకు గుర్తించింది. 2024 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం 25 శాతం లోపు వాటాను కేవలం పెట్టుబడిగా తీసుకుంటే కమిషన్ ముందస్తు అనుమతి అక్కరలేదు. అయితే బోర్డులో డైరెక్టరును గాని పరిశీలకుణ్ని గాని కూర్చోబెట్టే హక్కు ఉన్నా, వ్యాపారపరంగా సున్నితమైన సమాచారం అందే హక్కు ఉన్నా ఆ మినహాయింపు చెల్లదు. పరిశీలకుడి పేరు నిబంధనల్లో రావడం నాలాంటివాడికి సంతోషం కలిగించిన విషయం. కానీ ఆస్తులు 450 కోట్లు లేదా టర్నోవరు 1,250 కోట్లు దాటని సంస్థలకు వేరే మినహాయింపు ఉంది. బేరం విలువ 2,000 కోట్లు దాటితే తప్ప అలాంటి సంస్థలోకి వచ్చే పెట్టుబడి కమిషన్ గడప తొక్కదు. మన అంకుర సంస్థల్లో అత్యధికం ఈ గీతకు ఇవతలే ఉన్నాయి. కాబట్టి వాటి విషయంలో కాపలా అంటూ ఉంటే అది వ్యవస్థాపకుడి లాయరు, ఆపైన పత్రికలు.

పెద్ద కంపెనీల సొమ్ము వద్దని నేను చెప్పడం లేదు. హైదరాబాద్‌లో 2015లో పుట్టిన డార్విన్‌బాక్స్‌ను చూడండి. ఉద్యోగుల నిర్వహణ సాఫ్ట్‌వేర్ చేసే ఆ సంస్థ 2021 జనవరిలో సమీకరించిన 1.5 కోట్ల డాలర్ల పెట్టుబడికి సేల్స్‌ఫోర్స్ వెంచర్స్ నాయకత్వం వహించింది, మరుసటి జనవరిలో సంస్థ విలువ వంద కోట్ల డాలర్లు దాటింది, 2023లో మైక్రోసాఫ్ట్ కూడా పెట్టుబడి పెట్టింది. విదేశాల్లో పెద్ద కంపెనీల తలుపు తట్టాల్సిన సంస్థకు అలాంటి వాటాదారుల పేరు ఏ ప్రకటనా తేలేని నమ్మకం తెస్తుంది. ఇద్దరు పెద్ద వ్యాపార సాఫ్ట్‌వేర్ తయారీదారులు వాటాదారులుగా ఉన్న ఏ సంస్థ గురించి రాసినా, బోర్డులో వారి స్థానమేమిటి, సరుకు అమ్మకంలో వారి పాత్రేమిటి అన్నవి ఎవరైనా అడిగే సహజమైన ప్రశ్నలు. అడగడం ఆ సంస్థను అనుమానించినట్టు కాదు. సమాధానాలు తెలిస్తే దాని తర్వాత బయలుదేరే పది తెలుగు సంస్థలు మెరుగ్గా బేరమాడగలుగుతాయి. తెలంగాణ ప్రభుత్వం అంకుర సంస్థల కోసం పెట్టిన టీ-హబ్ వంటి చోట్ల ప్రజాధనంతో శిక్షణ ఇస్తున్నప్పుడు, సొమ్ము ఎలా అడగాలో నేర్పినంత శ్రద్ధగా ఒప్పందం ఎలా చదవాలో కూడా నేర్పడం సమంజసం.

వాటాదారుల ఒప్పందం ప్రైవేటు పత్రం, దాన్ని మేమెక్కడ తెస్తామని మీ విలేకరులు అడగవచ్చు. అవసరం లేదు. వి.బి. రంగరాజ్ కేసులో 1991లో సుప్రీంకోర్టు, షేర్ల బదిలీపై పెట్టుకున్న ఆంక్షలు కంపెనీ నియమావళిలో లేకపోతే కంపెనీని కట్టడి చేయవని చెప్పింది. అప్పటి నుంచి జాగ్రత్త తెలిసిన ప్రతి పెట్టుబడిదారూ తన హక్కులన్నిటినీ నియమావళిలో, అంటే ఆర్టికల్స్ ఆఫ్ అసోసియేషన్‌లో, అక్షరం పొల్లు పోకుండా రాయించుకుంటాడు. ఆ నియమావళి కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో వంద రూపాయల రుసుము కట్టిన ఎవరికైనా కనిపిస్తుంది. షేర్ల కేటాయింపు పత్రం కూడా అక్కడే ఉంటుంది. ఎవరికి ఎన్ని షేర్లు ఏ ధరకు ఇచ్చారో అందులో తెలుస్తుంది. పెట్టుబడి వార్త వచ్చిన ఒకటి రెండు నెలల్లో ఈ రెండూ చేరతాయి. వాటాదారుతోనే జరిగే వ్యాపారం మాత్రం ఇలా తేలిగ్గా దొరకదు. వాటా 20 శాతం కంటే తక్కువైతే సాధారణంగా అది సంబంధిత పక్షాల లావాదేవీగా ఖాతాల్లో విడిగా కనిపించదు, కనుక దాన్ని సంస్థనే అడగాలి.

ఇలాంటి వార్త వేసిన ప్రతిసారీ ఒక నెల తర్వాత మరో నాలుగు వాక్యాలు వేయండి. పెట్టుబడిదారుకు బోర్డులో ఎవరున్నారు, సంస్థను అమ్మబోతే వారికి ముందస్తు హక్కు ఉందా, ఏయే నిర్ణయాలకు వారి అనుమతి కావాలి, పెట్టుబడితో పాటు వారి సరుకు కొనే ఒప్పందం ఏమైనా ఉందా. మాతృసంస్థను అమెరికాలోని డెలావేర్‌లోనో సింగపూర్‌లోనో నమోదు చేసుకున్న మన సంస్థల విషయంలో ఆ వంద రూపాయల దారి పనిచేయదని నాకు తెలుసు. అక్కడ ప్రశ్నలు నేరుగా వ్యవస్థాపకులకే పంపాలి. వారు జవాబివ్వకపోతే, అడిగామని, ఇవ్వలేదని రాయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత కంపెనీ సెక్రటరీ,
సికింద్రాబాద్.